జొన్న సాళ్ల నడుమ కంది

తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు దక్కింది. యాలాల మండలంలోని రైతు ఉత్పత్తిదారుల కంపెనీ దరఖాస్తు పెట్టుకోగా ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తోడ్పడింది. ఈ కంది గొప్పదనాన్ని ఆ సందర్భంలో నేలతోనే ముడిపెట్టి చెప్పారు. అడుగున సున్నపురాయి, దానిమీద లోతైన నల్లరేగడి, అందులో అట్టపుల్గైట్ అనే బంకమన్ను ఖనిజం, వీటి ఫలితంగా 22 నుంచి 24 శాతం మాంసకృత్తులున్న గింజ. ఇందులో తప్పేమీ లేదు. తాండూరు నాపరాయి ఏ నేలనుంచి వచ్చిందో తాండూరు కందీ ఆ నేలనుంచే వచ్చింది. అయినా ఈ వివరణలో ఒక పెద్ద లోటుంది. ఈ నేలమీద కంది తరతరాలుగా ఒంటరిగా పెరగలేదు. చేనులో జొన్న సాళ్ల నడుమ పెరిగింది, కంచంలో జొన్నరొట్టె పక్కన చేరింది. పరిగి, వికారాబాద్, తాండూరు ప్రాంతంలో కంది చరిత్ర అంటే జొన్న, కంది జంట చరిత్రే. ఆ జంట విడిపోయాక మిగిలిన ఒక సగానికి మాత్రమే ఇవాళ మనం గుర్తింపు పత్రం తెచ్చుకున్నామన్నది నా వాదన.

ముందుగా ఈ ప్రాంతం హద్దుల సంగతి. తాండూరు, కొడంగల్ తాలూకాలు 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోని గుల్బర్గా జిల్లాలో ఉండేవి. ఆ ఏడాది నవంబరు 1న భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు గుల్బర్గా జిల్లా మైసూరు రాష్ట్రానికి వెళ్లింది, ఈ రెండు తాలూకాలు మాత్రం ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. 2016 అక్టోబరులో వికారాబాద్ జిల్లా ఏర్పడ్డాక తాండూరు, పరిగి, కొడంగల్ ఒకే జిల్లా గొడుగు కిందికి చేరాయి. పాలనా హద్దులు ఎన్నిసార్లు మారినా తాండూరు పక్కన పారే కాగ్నా నది భీమాలోనే కలుస్తోంది, సున్నపురాతి పొర కర్ణాటకలోని సేడం వైపు సాగుతూనే ఉంది. గుల్బర్గా కందిపప్పుకు 2019లో విడిగా భౌగోళిక గుర్తింపు రావడం, మూడేళ్ల తర్వాత తాండూరుకు మరొకటి రావడం రాష్ట్రాల సరిహద్దు పుణ్యమే. పంట వైపునుంచి చూస్తే అదంతా ఒకే మడి. ఆ మడిలో కన్నడ ఇంట్లోనైనా తెలుగు ఇంట్లోనైనా తినేది రొట్టే, పోసుకునేది పప్పే.

ఈ రెండు పంటలూ ఇక్కడికి చెరో దిక్కునుంచి వచ్చాయి. కందికి దగ్గరి అడవి చుట్టం ఒడిశా, బస్తర్ అడవుల వైపు కనిపిస్తుంది కాబట్టి దాని పుట్టుక అటుపక్కే అని వృక్షశాస్త్రవేత్తలు చెబుతారు. జొన్న ఆఫ్రికాలో మచ్చికైన పంట, సముద్రం దాటి దక్కనుకు చేరింది. తూర్పు అడవి గింజా ఆఫ్రికా గింజా దక్కను రైతు చేతిలో కలిశాయి. కలిపిన పద్ధతి చూస్తే అందులో ఎంత లెక్క ఉందో తెలుస్తుంది. తొలకరికి రెండూ ఒకేసారి పడతాయి. జొన్న గబగబా ఎదిగి నాలుగు నెలల్లోపు కోతకొస్తుంది. కంది మొదటి రెండు నెలలూ నేలను పట్టుకుని నెమ్మదిగా ఉంటుంది, వేరును మాత్రం లోతుకు దించుతుంది. జొన్న కోసేశాక వెలుతురు, జాగా దొరికి అప్పుడు కొమ్మలు వేస్తుంది. వానలు వెళ్లిపోయాక రేగడి అడుగున దాచుకున్న తేమతో పూత పూసి కాయ నింపుకుంటుంది. పైపొరలో నీళ్లు తాగేది ఒకటి, లోతున తాగేది మరొకటి కావడంతో రెండింటికీ పోటీ తక్కువ. జొన్న చొప్ప పశువులకు, కందికట్టె పొయ్యికీ దడికీ. రాలిన కందాకు నేలకే. ఒక్క దున్నకంలో ఇంటికి, కొట్టానికి, పొయ్యికి, చేనుకు కావలసినవి సమకూరేవి.

దీన్ని పాతకాలపు అలవాటని తీసిపారేయడానికి లేదు, ఎందుకంటే ఆధునిక పరిశోధన దీన్ని గట్టిగానే పరీక్షించింది. 1972లో పటాన్‌చెరులో ఏర్పాటైన అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ మొదటి దశాబ్దంలోనే జొన్న, కంది మిశ్రమ సాగును చేతికెత్తుకుంది. రావు, విల్లీ అనే శాస్త్రవేత్తలు 90కి పైగా ప్రయోగాల ఫలితాలను ఒకచోట చేర్చి 1980లో ప్రచురించిన లెక్క ఈ విషయంలో చదివితీరాల్సింది. నష్టానికి ఒక గీత గీసుకుని చూస్తే, కంది ఒక్కటే వేసిన రైతు ఐదేళ్లకొకసారి ఆ గీత కిందికి పడతాడు, జొన్న ఒక్కటే వేసిన రైతు ఎనిమిదేళ్లకొకసారి పడతాడు. రెండూ కలిపి వేసిన రైతు పడేది 36 ఏళ్లకొకసారి. చెరువు కింది మడి లేని పరిగి రైతుకు, అప్పు పుట్టే దారి సావుకారు ఇల్లొక్కటే అయిన తాండూరు కౌలుదారుకు ఈ తేడా అంటే నేల నిలుపుకోవడానికీ పోగొట్టుకోవడానికీ ఉన్న తేడా. ఇక్రిశాట్ పరిశోధనల్లోనే మరో సంగతి బయటపడింది. జొన్నతో కలిపి వేస్తే కందిలో ఎండుతెగులు తగ్గుతుంది. 1990లో ఇక్రిశాట్‌లో పనిచేస్తున్న జపాన్ శాస్త్రవేత్తల బృందం ఇంకో అడుగు వేసి, కంది వేళ్లు పిసిడిక్ ఆమ్లాన్ని వదిలి, ఎర్రనేలలో ఇనుముకు అంటుకుని పంటకు అందకుండా ఉన్న భాస్వరాన్ని విడదీస్తాయని చూపింది. పరిగి చుట్టుపక్కల ఎర్రచెల్కలూ నల్లనేలలూ పక్కపక్కనే ఉంటాయి. రేగడిలో కంది బలం తేమ వెతుక్కోవడంలో ఉంటే, చెల్కలో భాస్వరం తవ్వుకోవడంలో కూడా ఉంది. వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలినుంచి నత్రజని పట్టివ్వడం అందరికీ తెలిసిందే.

ఆ నత్రజని గింజలోకి చేరే తీరులోనే కంచం కథ మొదలవుతుంది. వేరు పట్టిన నత్రజని కాడ గుండా పైకెక్కి, కాయలో గింజ నిండే రోజుల్లో అమైనో ఆమ్లాలుగా మారుతుంది. లేతగింజలో అవి విడివిడిగా ఎక్కువ ఉంటాయి, గింజ ముదిరేకొద్దీ ఒకదానికొకటి అతుక్కుని నిల్వ మాంసకృత్తులవుతాయి. సోయాచిక్కుడైనా కందైనా ఈ పని ఒకే దారిన నడుస్తుంది. పప్పుజాతి గింజ దాచుకునే మాంసకృత్తుల్లో పెద్ద భాగం గ్లోబులిన్లు. వాటిలో లైసిన్ దండిగా ఉంటుంది, గంధకం ఉన్న మెథియోనిన్ కొరతగా ఉంటుంది. జొన్న గింజ దాచుకునేవి వేరే రకం. వాటిలో లైసిన్ బాగా తక్కువ. మన శరీరం తనంత తాను తయారు చేసుకోలేని అమైనో ఆమ్లాల్లో ఏ ఒక్కటి తక్కువైనా మిగతావి ఎంత ఉన్నా ఒంటికి పూర్తిగా పట్టవు. కాబట్టి ఈ రెండు గింజల లోపాలు ఎదురెదురుగా ఉండడం తినేవాడికి మేలు.

అంకెల్లో పెట్టి చూద్దాం. రోజుకు 400 గ్రాముల జొన్నపిండి రొట్టెగానో గటకగానో తినే మనిషికి సుమారు 40 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. చూడడానికి అది చాలినంతే. కానీ జొన్న మాంసకృత్తుల్లో లైసిన్ 2 శాతం దగ్గర ఉంటుంది, అంటే రోజుకు 0.8 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఖరారు చేసిన ప్రమాణం ప్రకారం 55 కిలోల పెద్దమనిషికి కావలసింది 1.65 గ్రాములు. కడుపు నిండినా ఒంటికి అందింది సగమేనన్నమాట. దీనికి 75 గ్రాముల కందిపప్పు చేరిస్తే మరో 1.1 గ్రాముల లైసిన్ వస్తుంది, అవసరం తీరిపోయి కొంత మిగులుతుంది. అదే పప్పు 15 గ్రాములకు పడిపోయి పలుచటి చారుగా మారితే మొత్తం లైసిన్ ఒక గ్రాము దగ్గరే ఆగిపోతుంది. రొట్టె పక్కన పప్పు ఉందా లేదా అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. ఎంత పప్పు ఉందన్నదే అసలు ప్రశ్న.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి వస్తుంది, దాన్ని దాటవేస్తే ఈ వ్యాసానికి అర్థం లేదు. ఈ జంట అంత గొప్పదైతే జొన్న తినే దక్కనులో పెల్లాగ్రా ఎందుకు వచ్చింది? మెడచుట్టూ, చేతులమీద, ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు లేచి, విరేచనాలు పట్టి, చివరికి మతి చలించే ఈ జబ్బును స్పెయిన్‌లో 1735లోనే గాస్పర్ కసాల్ గుర్తించారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్న మీదే బతికే పేదల్లో ఇది వ్యాపిస్తే, అంటువ్యాధి కాదనీ తిండి లోపమనీ జోసెఫ్ గోల్డ్‌బర్గర్ నిరూపించారు. 1937లో శాస్త్రవేత్త ఎల్వెహెం దీనికి మందు నికోటినిక్ ఆమ్లమని, అంటే నియాసిన్ అని తేల్చారు. మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ తక్కువ, ఆ ట్రిప్టోఫాన్ నుంచే శరీరం కొంత నియాసిన్ తయారు చేసుకుంటుంది కాబట్టి అక్కడ కారణం స్పష్టంగానే ఉంది. జొన్నలో ట్రిప్టోఫాన్ అంత తక్కువేమీ కాదు. అయినా హైదరాబాద్ ఆస్పత్రులకు జొన్న తినే పేదలు ఇదే జబ్బుతో వచ్చారు. కూనూరునుంచి 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయం, అంటే తర్వాతి కాలపు జాతీయ పోషకాహార సంస్థ, ఈ చిక్కుముడిని చేపట్టింది. 1960లో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య ‘లాన్సెట్’ పత్రికలో దీనికి ఒక కారణం ప్రతిపాదించారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం మోతాదుకు మించి ఉండడంవల్ల ట్రిప్టోఫాన్ నియాసిన్‌గా మారే దారి దెబ్బతింటోందన్నది వారి మాట. తెలంగాణ కూలివాడి కంచాన్ని ప్రపంచ వైద్యశాస్త్రం ముందు పెట్టిన పరిశోధన అది. దానికి మన పాఠ్యపుస్తకాల్లో దక్కాల్సిన చోటు ఇంకా దక్కలేదు.

ల్యూసిన్ సిద్ధాంతాన్ని అందరూ ఒప్పుకోలేదు. తర్వాత వేరేచోట్ల జంతువులమీద చేసిన ప్రయోగాల్లో అదే ఫలితం ప్రతిసారీ రాలేదు. జొన్నలోని నియాసిన్ ఒంటికి పట్టని రూపంలో ఉండడమే ముఖ్య కారణమన్నవారూ ఉన్నారు. ఈ వివాదం తేలినా తేలకపోయినా నా వాదనకు కావలసింది అంతకంటే సాదా సంగతి. జొన్న తిన్న ప్రతివాడికీ పెల్లాగ్రా రాలేదు. దాదాపు జొన్న ఒక్కటే తిన్నవాడికి వచ్చింది. పప్పు, పాలు, మాంసం ఆ రొట్టె పక్కన చేరిన ఇళ్లలో అదే జొన్న ఎవరినీ మంచాన పడేయలేదు. కందిపప్పులోనూ ట్రిప్టోఫాన్ ఎక్కువేమీ కాదన్నది నిజమే, కానీ మాంసకృత్తులు జొన్నకంటే రెట్టింపు ఉన్న గింజ కాబట్టి పిడికెడు పప్పు చేరినా మొత్తం మీద అందేది పెరుగుతుంది, పప్పులోని నియాసిన్ అదనం. పెల్లాగ్రా ఈ జంటకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పదు. చేనులో కలిసిన జంట కంచందాకా కలిసి రాలేదని చెబుతుంది.

ఎందుకు రాలేదన్నదానికి జవాబు భూమి ఎవరిదన్న ప్రశ్నలో ఉంది. తెలంగాణ పల్లెల్లో కూలి చాలాకాలం గింజల్లోనే ఇచ్చేవారు, ఆ గింజ జొన్న. కంది అలా కాదు, అమ్ముడుపోయే సరుకు, అప్పు తీర్చే సరుకు. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ దాకా నిజాం రైలుమార్గం 1874లో పడ్డాక తాండూరు, వికారాబాద్ స్టేషన్లనుంచి ఒకవైపు హైదరాబాదుకు, మరోవైపు బొంబాయి మార్గానికి దారి తెరుచుకుంది. ఇంట్లో ఎర్రమట్టి పట్టించి ఆరబెట్టి ఇసుర్రాతిలో విసురుకునే పప్పు పోయి మిల్లు పప్పు వచ్చింది. తాండూరు పప్పు మిల్లుల ఊరయింది. మిల్లు వచ్చినందుకు నేను విచారించడం లేదు. ఇసుర్రాయి తిప్పిన ఆడవాళ్ల చేతులకు అది విముక్తి. నేను గుర్తుచేసేది ఒక్కటే. జంటలో ఒక గింజ రైలెక్కినప్పుడు రెండోది కూలివాడి ఇంట్లో ఒంటరిదైంది. కంది కోసిన చేతులకు కంది దక్కకపోవడం ఈ ప్రాంతపు చరిత్రలో కొత్త సంగతి కాదు, మార్కెట్ యార్డులు కట్టకముందునుంచీ ఉన్నదే. అందుకే పాతకాలమంతా స్వర్ణయుగమని చెప్పేవారితో నేను ఏకీభవించలేను. అప్పటి పద్ధతి నేలకు మేలు చేసింది. నేల ఉన్నవారికి మేలు చేసింది. లేనివారికి సగమే ఇచ్చింది.

రెండో విడిపోవడం చేనులో జరిగింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. ఆకలి తీర్చడంలో ఆ పథకం చేసిన మేలును తక్కువ చేయడం అన్యాయం. అన్నం దొరికాక జొన్న మీదే బతికే అగత్యం తగ్గింది, పెల్లాగ్రా కూడా తర్వాతి దశాబ్దాల్లో బాగా వెనక్కిపోయింది. అయితే రేషన్ దుకాణంలో బియ్యమే ఉండడంతో చేలో జొన్నకు కారణం లేకుండా పోయింది. జొన్న కోత కష్టం, పిట్టల బెడద, గిట్టని ధర కలిసి దాన్ని సాళ్లనుంచి తప్పించాయి. ఆ జాగాలోకి పత్తి వచ్చింది, కొంత మొక్కజొన్న వచ్చింది. కంది ఒంటరి పంటగానో పత్తి పక్కనో మిగిలింది. పక్కనే ఉన్న జహీరాబాద్ ప్రాంతంలో మాత్రం 1983లోనే మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి దళిత మహిళలు జొన్న, కంది, కొర్ర కలిపి వేసే చేలను నిలబెట్టారు, తమ ఊరి గింజతో తమ ఊరికే ధాన్యం పంచుకున్నారు. వారి పనికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. అది కొండంత ఉదాహరణే. అయితే ప్రభుత్వ కొనుగోలు, ప్రభుత్వ రేషన్ తోడు రాకుండా ఒక సంస్థ శ్రమ మీద జిల్లాలకు జిల్లాలు మారవు.

ఒంటరి కందికి ఏమవుతుందో పదేళ్ల కిందట కళ్లారా చూశాం. 2015 అక్టోబరు ప్రాంతంలో కందిపప్పు కిలో 200 రూపాయలకు చేరి పేదల పొయ్యిమీదనుంచి దిగిపోయింది. ఆ ధర చూసి మరుసటి ఏడాది దేశమంతా కంది వేసింది. 2016-17లో క్వింటాలుకు 5,050 రూపాయల మద్దతు ధర ప్రకటించినా మార్కెట్లో ధర దానికి చాలా కిందికి జారింది. తినేవాడు ఒక ఏడాది, పండించేవాడు మరో ఏడాది మునిగారు. జొన్న తోడున్న చేనులో కంది ధర పడినా ఇంట్లో గింజ, కొట్టంలో చొప్ప మిగిలేవి.

అన్నంలో పప్పు కలుపుకున్నా లైసిన్ లోటు తీరుతుంది కదా, జొన్నే ఎందుకని అడగవచ్చు. తీరుతుంది. బియ్యం మాంసకృత్తుల్లో లైసిన్ జొన్నకంటే నయం కూడా. పౌష్టికాహారం లెక్కలో బియ్యాన్ని తప్పుపట్టడానికి నాకు కారణం లేదు. కానీ వరి పరిగి చెల్కలో వానమీద పండేది కాదు, దాని సాళ్ల నడుమ కంది నిలవదు. జొన్నను వదులుకుంటే మనం ఒక తిండిగింజను మాత్రమే వదులుకోవడం లేదు, కందికి ఎండుతెగులునుంచి రక్షణనూ, రైతుకు 36 ఏళ్లకొకసారి తప్ప పడని భరోసానూ వదులుకుంటున్నాం. ఇంకొకరు అడగవచ్చు, పూర్వపు రైతుకు లైసిన్ తెలుసా, ఇదంతా ఇప్పుడు మనం ఆపాదించడం కాదా అని. తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. వాళ్లు వానను, అప్పును, పశువును చూసి ఆ సాళ్లు వేశారు. ఆ లెక్క సరైనదని ఇక్రిశాట్ అంకెలు చెప్పాయి. కంచంలో దాని ఫలితం ఏమిటో, అది తెగినప్పుడు ఏమవుతుందో పోషకాహార సంస్థ చెప్పింది.

ఉమ్మడి రాష్ట్రంలో 2013 ఉగాదికి అమ్మహస్తం పథకం వచ్చినప్పుడు 185 రూపాయల సంచిలో కిలో కందిపప్పు కూడా ఉండేది. ఆ పథకం నిలవలేదు. 2025 ఉగాదినుంచి తెలంగాణలో మనిషికి 6 కిలోల చొప్పున సన్నబియ్యం ఇస్తున్నారు, మంచిదే. తాండూరు కందికి గుర్తింపు దక్కింది కాబట్టి ప్రభుత్వం ఆ కందిని ముందు వికారాబాద్ జిల్లా రేషన్ కార్డులమీద, అంగన్‌వాడీల్లో, బడుల్లో పెట్టాలి. జొన్నకు కేంద్రం ఏటా మద్దతు ధర ప్రకటిస్తోంది కాబట్టి పరిగి, తాండూరు మార్కెట్ యార్డుల్లో కంది కొనే రోజుల్లో జొన్ననూ ఆ ధరకు కొనాలి, కొన్న జొన్నను అవే కార్డులమీద బియ్యంలో కొంత భాగానికి బదులుగా కోరినవారికి ఇవ్వాలి. రెండు పంటలూ కలిపి వేసిన ఎకరానికి విత్తనం రాయితీ ఇస్తే జొన్న మళ్లీ సాళ్లలోకి వస్తుంది. వచ్చే తొలకరి లోపు జిల్లా యంత్రాంగం ఈ పని మొదలుపెట్టాలని, రైతు సంఘాలు దాన్ని అడిగి తీసుకోవాలని కోరుతున్నాను.